సాదా పాట, సాదాగా పాడిన పాట

మా చర్చిలో అక్క పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళం పాడడం ఆపేసి వినేవాళ్ళం. పాడేవాళ్ళకి అంతకు మించిన మెప్పు ఉండదని అప్పట్లో అందరం అనుకునేవాళ్ళం, అక్కతో సహా.

ఆవిడ నాకు తోడబుట్టిన అక్క కాదు. మెదక్ వైపు మనిషి. గచ్చిబౌలిలో ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సు. అక్కడ అందరూ సిస్టర్ అంటారు, చర్చిలోనూ అందరూ సిస్టర్ అంటారు. "నువ్వన్న అక్కా అని పిలువు చెల్లె, జర మనిషినన్నట్టు ఉంటది" అంది పరిచయమైన కొత్తల్లో. అప్పటి నుంచి అక్కా అనే పిలుస్తున్నాను. నాది బాపట్ల దగ్గర. పెళ్ళయ్యాక మూసాపేట వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను.

మా చర్చి టైల్స్ దుకాణం పైన రెండో అంతస్తులో ఉంటుంది. కీబోర్డు వాయించే బ్రదర్ వారమంతా ఐటీ కంపెనీలో పనిచేసి ఆదివారం పొద్దున్నే వచ్చి వైర్లు బిగించుకుంటాడు. రిథమ్ ప్యాడ్, రెండు స్పీకర్లు, మధ్యలో అక్క మైకు. చరణం చివర అక్క గొంతు తిప్పేది. మాట అయిపోయినా స్వరం అయిపోయేది కాదు. పైకి పోయి, అక్కడ రెండు మూడు విరుపులు విరిచి, ఇక దిగదేమో అనుకునే లోపల పల్లవి మీదికి వచ్చి వాలేది. క్వయర్‌లో మేం దాన్ని 'సిస్టర్ మెలిక' అనేవాళ్ళం. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని ఫోన్లో రికార్డు చేసుకుని ఇంటి దగ్గర ప్రయత్నించేవాళ్ళు. ఎవరికీ వచ్చేది కాదు.

తర్వాత అక్క గొంతు కింద గడ్డ కనిపించింది. నర్సు కదా, అద్దంలో చూసుకుని ముందు తనే పట్టుకుంది. పరీక్షలు చేశారు. థైరాయిడ్ గడ్డ, భయపడాల్సిన రకం కాదు కానీ పెరుగుతోంది, తీసేయాలన్నారు. ఆపరేషన్ ముందు చూడ్డానికి వెళితే తనే నాకు ధైర్యం చెప్పింది.

"ఫికర్ చెయ్యకు. ఇసొంటివి ఎన్ని చూసిన నేను."

"మరి గొంతు?"

"గొంతు నరం ఆ గడ్డను ఆనుకునే పోతది. డాక్టరు మంచోడే. చూద్దాం."

ఆపరేషన్ బాగా జరిగింది. నరం తెగలేదు, కానీ కమిలింది. మొదట్లో మాట గుసగుసలాగా వచ్చేది. కొన్ని నెలలకి మాట తేరుకుంది. పాట తేరుకోలేదు. పైస్థాయి అసలు అందడం లేదు. స్వరాన్ని తిప్పబోతే మధ్యలో గాలి వచ్చేస్తోంది. ఆసుపత్రిలోనే స్పీచ్ థెరపిస్టు దగ్గరకు వెళ్ళింది. ఆ అమ్మాయి నేర్పిన అభ్యాసం ఒక్కటే: తేలిగ్గా అందే స్వరం ఒకటి పట్టుకుని, ఊగకుండా, వణకకుండా, ఊపిరి ఉన్నంతసేపూ "ఆ" అని నిలపడం.

చర్చికి వస్తూనే ఉంది, కానీ వెనక వరసలో కూర్చునేది. కీబోర్డు బ్రదర్ మంచివాడు. "సిస్టర్‌గారూ, మీరు రెస్ట్ తీసుకోండి. అప్పటిదాకా ట్రాక్ పెట్టుకుందాం" అన్నాడు. ట్రాక్ అంటే ఎవరో ముందే పాడి, వాయించి పెట్టిన పాట. స్పీకర్లోంచి వస్తుంటే మేం దాని మీద పెదాలు కదిపేవాళ్ళం. అక్క అది కూడా చేసేది కాదు. పాటల పుస్తకం తెరిచి చదువుకునేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆఫీసులో 'సాదా' అనే మాట మీద గొడవ మొదలైంది.

నేను పనిచేసేది మాదాపూర్‌లో. ఫోనుతో మాట్లాడి పాటలు పెట్టించుకునే యాప్ ఒకటి తయారవుతోంది. జనం పాటల గురించి తెలుగులో ఎలా మాట్లాడతారో చూసి, ఒక్కో రకానికి పేరు పెట్టి, ఆ పేరుకి అర్థం రాయడం మా జట్టు పని. హుషారు పాట, జోల పాట, ఏడుపు పాట వంటివి సులభంగానే తేలాయి. ఒకటి మాత్రం తెగలేదు. హంగులు ఏమీ లేకుండా, వరస ఉన్నది ఉన్నట్టు పాడిన పాటని ఏమనాలి?

ముందు ఎవరో 'సాధారణ సంగీతం' అని పెట్టారు. నేను కొట్టేశాను. సాధారణ జ్వరం, సాధారణ రద్దీ, సాధారణ సెలవు. అలా పాడిన పాట సాధారణమైనదని ఎవరన్నారు? 'నిరాడంబర' అన్నారు. అది పోయిన నాయకుల సంతాప సభల్లో వినపడే మాట, పాట దగ్గరికి రాదు. 'వట్టి' అంటే వట్టి మాటలు గుర్తొస్తాయి. 'బోసి' అంటే ఉండాల్సింది లేదని అర్థం. బోసి మెడ, బోసి నోరు. 'చప్పిడి' అనేది ఆసుపత్రి తిండికి పనికొచ్చే మాట. నేను 'సాదా' అన్నాను. ఈ ఊళ్ళో దోసె నుంచి కిళ్ళీ దాకా, చీర నుంచి కాగితం దాకా అందరి నోటా ఉన్న మాట. ఉర్దూలోంచి వచ్చిందని ఎవరికీ గుర్తు కూడా లేదు. జట్టులో సగం మంది దానికి ఒత్తు పెట్టి 'సాధా' అని రాస్తే కూర్చుని దిద్దాను.

అడ్డం తిరిగింది మా జట్టులో విజయవాడ అమ్మాయి. నాకంటే చాలా చిన్నది. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంది, మాట నిక్కచ్చి.

"మీరు చెప్పిన చోట్లన్నీ చూడండి మేడమ్," అంది. "సాదా దోసె అంటే మసాలా లేనిది, రేటు తక్కువది. సాదా చీర అంటే జరీ లేనిది. సాదాసీదా మనిషి అంటే పెద్దగా పట్టించుకోనక్కర్లేని మనిషి. ఎవరి పాటకైనా ఈ పేరు తగిలిస్తే వాళ్ళు సంతోషిస్తారా?"

"సాదా చీర కట్టుకున్నావిడని అడుగు. ఇష్టపడే కొనుక్కుంది."

"ఇంకొకటి. మా సంగీతానికి ఇది కుదరదు." భోజనాల గదిలో కూర్చుని ఉన్నాం. గొంతు తగ్గించి ఒక రాగం మూడు నాలుగు స్వరాలు గమకాలతో పాడింది, తర్వాత అవే స్వరాలు గమకం లేకుండా గీత గీసినట్టు పాడింది. రెండోసారి రాగం ఏదో నాకు తెలియలేదు. "చూశారా? మీరు అనుకుంటున్నట్టు గమకం నగలాంటిది కాదు. తీసేస్తే రాగమే ఉండదు."

ఆ మాట ఒప్పుకున్నాను. కచేరీ పాటలకి ఈ పేరు వాడకూడదని అప్పుడే రాసిపెట్టాను. కీర్తనలకి, భజనలకి, జోలపాటలకి, నాట్లు వేస్తూ పాడుకునే పాటలకి మాత్రం సాదాయే సరైన మాట అని పట్టుబట్టాను. తెగకుండానే ఆ వారం గడిచింది.

ఆ శనివారం మధ్యాహ్నం అక్క ఫోన్ చేసి నార్సింగి వస్తావా అని అడిగింది. తన వార్డులో కొన్నాళ్ళు ఉండి ఇంటికి వెళ్ళిన పేషెంటు ఒకావిడ ఉంది. పూర్వం టీచరు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట పోయాయి. వాళ్ళ కూతురు ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటోంది, సిస్టర్‌గారు తప్పకుండా రావాలంది. మా పాస్టరుగారి భార్యని అందరం అమ్మగారు అంటాం. ఆవిడ, అక్క, నేను ఒక క్యాబ్‌లో వెళ్ళాం.

ఔటర్ రింగ్ రోడ్డు కనపడే ఎత్తులో ఉంది వాళ్ళ ఫ్లాటు. హాల్లో కుర్చీలు వేసి, టీచరమ్మని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. శుభ్రంగా తల దువ్వి, ఇస్త్రీ చీర కట్టి ఉంది. మమ్మల్ని చూసి ఏదో చెప్పబోయింది. "ద, ద" అనే అక్షరం తప్ప రాలేదు. కళ్ళు మూసుకుంది. కూతురు పక్కకొచ్చి మెల్లగా చెప్పింది:

"అమ్మకి పాటలంటే ప్రాణం. రోజూ ఫోన్లో పెడుతున్నాను. కాసేపు వింటుంది, తర్వాత చెయ్యి ఊపి ఆపేయమంటుంది."

ప్రార్థన అయ్యాక అమ్మగారు అక్క వైపు తిరిగి, పాట పాడమ్మా అన్నారు. కీబోర్డు లేదు, మైకు లేదు. అక్క నా వైపు చూసింది, నువ్వు పాడు అన్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను. నాకు పాడడం చేతకాక కాదు. అడిగింది ఆవిడని.

అక్క ఒక పాత కీర్తన ఎత్తుకుంది. మా వాళ్ళలో పసివాళ్ళకి కూడా వచ్చే పాట. ఎప్పుడూ పాడే శ్రుతి కంటే చాలా కిందికి పట్టుకుంది. ఒక్కో మాటకి ఎంత స్వరం ఉందో అంతే పాడింది. చరణం చివర స్వరాన్ని థెరపీలో నేర్పినట్టు నిటారుగా నిలిపి, ఊపిరి పీల్చుకుని తర్వాతి లైనుకి వెళ్ళింది. ఎక్కడా తిప్పలేదు. తిప్పలేదు అనడం కంటే, తిప్పడానికి వీల్లేక ఆ దారి వదిలేసింది.

రెండో లైను దగ్గర టీచరమ్మ గొంతులోంచి రాగం వినపడింది. ముందు మూలుగేమో అనుకుని కూతురు లేవబోయింది. అక్క పాడుతూనే చెయ్యెత్తి ఆపింది. రాగం సరిగ్గా అక్క స్వరం మీదే ఉంది. అక్క వేగం ఇంకాస్త తగ్గించింది. పల్లవి మళ్ళీ వచ్చేసరికి టీచరమ్మ నోట చివరి మాట వచ్చింది. తర్వాత చివరి రెండు మాటలు వచ్చాయి. మూడో చరణానికి లైనులో సగం పాడింది. అక్షరాలు కొంచెం మెత్తగా ఉన్నాయి కానీ అవి ఆ పాట మాటలే. అప్పటికి మేమందరం పాడుతున్నాం. కూతురు మాత్రం పాడలేదు. తల్లి ఎడమచెయ్యి పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మగారిని చుట్టాలింటి దగ్గర దింపాక క్యాబ్‌లో అక్క, నేనే మిగిలాం. నాకు ఆ పాట ఇంకా చెవుల్లోనే ఉంది.

"అది నా పాట గొప్ప కాదు," అంది అక్క, నేను ఏమంటానో ముందే తెలిసినట్టు. "మాట పోయినోళ్ళకు కూడ పాట ఉంటది. మెదడుల దాని జాగ వేరు. మేం వార్డుల చూస్తనే ఉంటం."

"మరి వాళ్ళమ్మాయి రోజూ ఫోన్లో పెడుతోందిగా. అప్పుడెందుకు పాడలేదు?"

అక్క ఆలోచించింది. "ఏమో."

"ఆ పాటల్లో అన్నీ మెలికలు, మ్యూజిక్ బిట్లు. తర్వాతి స్వరం ఎక్కడికి పోతుందో ఆవిడకి అందదు. మీరు పాడిందాంట్లో అందింది. ఇంత సాదా పాట మీ నోట నేనెప్పుడూ వినలేదక్కా."

నా వరకు అది నేను ఎవరికైనా ఇచ్చిన మెచ్చుకోళ్ళలో పెద్దది. అక్క ముఖం మాత్రం మారిపోయింది.

"సాదా అంటే? సాదా దోసె లెక్కనా?"

"అది కాదక్కా..."

"తెలుసు చెల్లె. ఇగ నా తోని అదే అయితది. నిజమే అన్నవు." కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మూసాపేట మెట్రో స్తంభాల దగ్గర దిగి, నాకంటే ముందు నడిచి వెళ్ళిపోయింది.

నేను ఆ మాట వెనక్కి తీసుకోలేదు. తప్పు మాట అనిపించి ఉంటే తీసుకునేదాన్ని. కానీ పనికొచ్చే మాట ఒకటి, చెప్పిన చోట గుచ్చుకుందంటే దాన్ని పెట్టిన తీరులో ఏదో తేడా ఉండాలి. మర్నాడు కాక ఆ మర్నాడు ఆఫీసుకి వెళ్ళి విజయవాడ అమ్మాయికి జరిగింది చెప్పాను. "నేను చెప్పలేదా" అనలేదు. అలా అనే మనిషి కాదు. "ఆవిడతో మీరు అన్న వాక్యం ఏంటి, ఉన్నదున్నట్టు చెప్పండి" అంది.

"ఇంత సాదా పాట నేనెప్పుడూ వినలేదు, అన్నాను."

"సాదా పాట. అంటే పాటే సాదా అయిపోయింది. దాన్ని ఇంక ఎవరు పాడినా అంతే."

మేమిద్దరం ఆ పూట వేరే పని పెట్టుకోలేదు. సాదా వచ్చే వాక్యాలు ఒక్కొక్కటీ నోటితో అని చూశాం. 'సాదా మనిషి' అంటే పాపం అన్నట్టు ఉంది. 'సాదాగా ఉండే మనిషి' అనగానే ఉన్నా వాడుకోని మనిషి కళ్ళ ముందుకొచ్చింది. 'సాదా పెళ్ళి' అంటే డబ్బుల్లేక చేసిన పెళ్ళి. 'పెళ్ళి సాదాగా చేశారు' అంటే కావాలని అలా చేశారు, వాళ్ళ మీద గౌరవం కలుగుతుంది. 'సాదా పాట' అన్నప్పుడు ఆ మాట పాట మీద కూర్చుంటుంది. 'సాదాగా పాడింది' అన్నప్పుడు పాడిన మనిషి ఎంచుకున్నదని తెలుస్తుంది. తేడా అంతా ఆ 'గా' అనే అక్షరంలో ఉంది. ఇంతకాలం తెలుగు మాట్లాడుతూ, తెలుగుతోనే జీతం తీసుకుంటూ, ఆ అక్షరం అంత పని చేస్తుందని ఇద్దరం గమనించలేదు.

ఆ పాటల రకానికి 'సాదాగా పాడినవి' అని పేరు పెట్టాం. కింద అర్థం నేను రాశాను: పాడేవారు తమ హంగులు చేర్చకుండా, వరసను ఉన్నది ఉన్నట్టుగా పాడినవి, వాద్యాలు ఉండవచ్చు, ఉండకపోవచ్చు, వింటున్నవారు కూడా కలిసి పాడగలిగినవి. చివరి ముక్క అనవసరం, తీసేయమని పైనుంచి వచ్చింది. తీయనన్నాను, ఎందుకు తీయనో రాసి పంపాను. ఉంచారు.

ఆఫీసులో తేలింది కానీ అక్కతో తేలలేదు. చర్చిలో కనపడితే బాగున్నవా అంటే బాగున్నారా అనుకోవడమే. ఈస్టర్ ముందు రోజులు వచ్చాయి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను. మా వీధి చివరే. అక్క బీరకాయలు తరుగుతోంది. వాళ్ళాయన డ్యూటీకి వెళ్ళాడు. నేనూ ఒక పీట లాక్కుని కూర్చున్నాను.

"మీరు కోపంగా ఉన్నారు."

"కోపం లేదు."

"సాదా అన్నందుకు."

అక్క కత్తిపీట పక్కకి జరిపింది. "నీకు సాదా బైనామా తెలుసా?"

తెలుసు. తెలంగాణలో భూమి కొన్న చాలామందికి తెలిసిన మాట. ముద్రలూ రిజిస్ట్రేషనూ లేకుండా, అమ్మినవాడూ కొన్నవాడూ తెల్లకాగితం మీద రాసుకున్న ఒప్పందం.

"మా నాయిన ఉన్న భూమంత అట్లనే కొన్నడు. నలుగురు పెద్దమనుషుల ముంగట రాసుకున్నరు. ఆయన పోయినంక మా తమ్ముడు ఎమ్మార్వో ఆఫీసుకు పోతే, ఇది సాదా కాగితం, చెల్లది అన్నరు. ఎన్నిసార్లు తిరిగిండో. ఎప్పుడు పోయినా గా ఒక్క మాటనే. సాదా, చెల్లది. నువ్వు ఆ రోజు సాదా పాట అంటే నాకు గదే ఇనపడ్డది. ఈమె పాట ఇగ చెల్లది అన్నట్టు."

నేను ఒక బీరకాయ అందుకుని తొక్క తీయసాగాను. ఆఫీసులో దోసెలూ చీరలూ పెళ్ళిళ్ళూ అన్నీ చూశాం. ఇది మా ఇద్దరికీ తట్టలేదు.

"ఆ భూమి ఇప్పుడు ఎవరు చేస్తున్నారక్కా?"

"మా తమ్ముడే. ఇంకెవరు చేస్తరు?"

"అమ్మినవాళ్ళు ఎప్పుడైనా వచ్చి మాదన్నారా?"

"లేదు. వాళ్ళు మాట మీద ఉండే మనుషులు."

"మీ నాన్నగారి కాలం నుంచి ఇప్పటిదాకా పంట పండుతోంది, మీరు తింటున్నారు, అమ్మినవాళ్ళు మాట తప్పలేదు. ఇంక చెల్లకపోవడం ఎక్కడుంది?"

అక్క నన్ను చూసి నవ్వింది. చాలా రోజుల తర్వాత. "ఆఫీసోని ముంగట గిట్ల మాట్లాడితే ఒప్పుకుంటడా?"

"వాడు ఒప్పుకోడు. నేను ఆ ఆఫీసు మనిషిని కాదుగా."

అప్పుడు 'గా' సంగతి చెప్పాను. మీది సాదా పాట కాదు, మీరు సాదాగా పాడారు అన్నాను. అక్క విని, "రెండు ఒకటే గదా" అంది. కొంచెం ఆగి, "ఒకటి కాదులే" అంది. తర్వాత అసలు భయం బయటపెట్టింది.

"నేను ఎంచుకోలేదు చెల్లె. తిప్పరాలేదు కావట్టి తిప్పలేదు. ఉన్నది వాడుకోకపోతే సాదాగ అనాలె. లేకపోతే ఏమనాలె?"

నాకు తోచింది చెప్పాను. "ఆ రోజు టీచరమ్మ గొంతు కలిపాక మీరు వేగం తగ్గించారు. అది మీ నరం చేసిన పని కాదు. మీరు చేసిన పనే. చెయ్యెత్తి వాళ్ళమ్మాయిని ఆపారు. అది కూడా."

అక్క కూర పొయ్యి మీద పెట్టి, నన్ను తినిపోమంది. తింటుండగా అంది, "గుడ్ ఫ్రైడేకు ఒక పాట అడుగుత బ్రదర్‌ను."

గుడ్ ఫ్రైడే ఆరాధన మా దగ్గర మధ్యాహ్నం నుంచి ఎండ వాలేదాకా జరుగుతుంది. సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు, మధ్యమధ్యలో పాటలు. హాలు కిక్కిరిసింది. ఫ్యాన్లు తిరుగుతున్నా వేడి గాలే. అంతకు ముందు రిహార్సల్లో అక్క బ్రదర్ దగ్గరకు వెళ్ళి, "జర శ్రుతి ఒక్కటి పట్టుకో బ్రదర్, చాలు" అంది.

"మధ్యలో బిట్లు వద్దా సిస్టర్? మరీ ఖాళీగా ఉంటుందేమో."

"ఖాళీగా ఉండనియ్యి."

బ్రదర్‌కి నచ్చలేదని ముఖం చూస్తే తెలుస్తోంది. అయినా సరే అన్నాడు.

ఐదో మాట అయ్యాక అక్క లేచింది. మైకు తీసుకోలేదు. నిలబడ్డ చోటి నుంచే, కిందిస్థాయిలో, నార్సింగిలో పాడినట్టే మొదలుపెట్టింది. మొదటి లైను అందరూ విన్నారు, అలవాటు ప్రకారం. రెండో లైనులో ముందు వరస ముసలమ్మలు అందుకున్నారు. వాళ్ళ వెనక క్వయర్ పిల్లలు, తర్వాత గోడకి ఆనుకుని నిలబడ్డ మగవాళ్ళు. అక్క మధ్యలో ఒకచోట ఆగి దగ్గింది. పాట ఆగలేదు, జనం నడిపించారు. అక్క మళ్ళీ వచ్చి కలిసింది. బ్రదర్ ఆఖరి చరణానికి శ్రుతి మీంచి చేతులు తీసేసి, తనూ పాడడం మొదలుపెట్టాడు. నా పక్కన ఎవరిదో మోటు గొంతు వినపడి తిరిగి చూస్తే మా ఆయన. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన చర్చిలో పాడగా నేను వినలేదు. గొంతు బాగోలేదు కానీ శ్రుతిలోనే ఉంది.

అందరికీ నచ్చిందని చెప్పను. ఆరాధన అయ్యాక సంఘ పెద్ద ఒకాయన, "పాట బాగానే ఉందమ్మా, కాస్త బోసిగా అనిపించింది" అన్నాడు. అక్క, "అవునండి, బోసిగనే ఉన్నది" అని దిగి వెళ్ళింది. మెట్ల మీద నాతో, "బోసి అంటే నాకేం కాలేదు సూడు" అంది.

అప్పటి నుంచి మా ఆరాధనలో మొదటి పాట బ్రదర్ బ్యాండుది, చివరి పాట అక్కది. దీని మీద వాళ్ళిద్దరూ ఏదో మాట్లాడుకుని తేల్చుకున్నారు. నేను లేను. బ్యాండు పాట కూడా నాకు ఇష్టమే. దాన్ని వింటాను. చివరి పాట పాడతాను. ఒక కుటుంబం మాత్రం మంచి మ్యూజిక్ ఉన్న చర్చి కావాలని మియాపూర్ వైపు వెళ్ళిపోయింది. కనపడితే పలకరించుకుంటాం.

అక్క వీలున్న శనివారాలు నార్సింగి వెళ్ళి వస్తోంది. టీచరమ్మ పాటలో వచ్చే మాటల్ని విడిగా అనడం మొదలుపెట్టింది. నీళ్ళు, తలుపు, అమ్మాయి పేరు. అంతకు మించి వస్తాయో రావో అక్క చెప్పదు. వార్డులో ఇన్నేళ్ళు పనిచేసిన మనిషి, లేని ఆశ చూపించదు.

ఈ మధ్య చెకప్‌కి వెళితే నరం బాగానే కోలుకుందన్నారట. పై స్వరాలు ఒకటి రెండు తిరిగొచ్చాయి. పోయిన బుధవారం ప్రాక్టీసులో కొత్త పాట నేర్పుతోంది. నేను చరణం చివర, నాకు తెలియకుండానే, చిన్న విరుపు విరిచాను. అక్క ఆపింది.

"అక్కడ ఎందుకు తిప్పినవ్?"

"అలవాటుగా వచ్చిందక్కా."

"అలవాటుగ వద్దు. ఆ మాటకు కావాలె అనిపిస్తే తిప్పు."

మళ్ళీ ఆ లైను తను పాడి చూపించింది. మొదటి మూడు మాటలు నిటారుగా పాడి, నాలుగో మాట దగ్గర, పాత మెలికలో నాలుగో వంతు కూడా ఉండదు, అంత చిన్నగా స్వరాన్ని తిప్పి వదిలింది. క్వయర్ పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అక్క పుస్తకంలో తర్వాతి పేజీ తిప్పి, "రెండో చరణం" అంది.